న్యాయమూర్తుల నియామకాల ఆఫీసులో ఆరు వారాలు పనిచేసి వచ్చాను, కాలేజీ నివేదికలో ఏమి రాయాలి?

టవర్ క్లాక్ వీధి (అనంతపురం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఐదేళ్ళ లా కోర్సులో నాలుగో సంవత్సరం పూర్తిచేశాను. ఈ వేసవిలో ఢిల్లీలో, హైకోర్టు న్యాయమూర్తుల నియామకాల కాగితాలు నడిచే ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఆరు వారాలు ఇంటర్న్‌షిప్ చేశాను. కార్యాలయం పేరు, సెక్షన్ పేరు ఇక్కడ రాయను. వచ్చే నెల పదో తేదీలోగా కాలేజీకి ముప్పై పేజీల నివేదిక ఇవ్వాలి, తర్వాత వైవా ఉంటుంది. పదిహేను రోజులుగా రోజూ కూర్చుంటున్నాను, మొదటి పేజీ దాటలేదు.

మా ఇంటి సంగతి కొంచెం చెబితేగాని నా ఇబ్బంది అర్థం కాదు. మా నాయనకు కోర్టు ఎదురుగా జిరాక్సు, టైపింగు షాపు ఉంది. వకాలత్‌నామాలు, డాకెట్ షీట్లు, లెడ్జరు కాగితం, ఫైళ్ళు కట్టే ట్యాగులు అమ్ముతాడు. నేను అక్షరాలు దిద్దింది ఆ షాపు బల్ల మీదే, పాడైన వకాలత్‌నామాల వెనక వైపున. మా అబ్బకు, అంటే నాయన తండ్రికి, వేరుశనగ చేను మీద దాయాదులతో భాగాల కేసు ఉంది. నేను ఐదో తరగతిలో ఉండగా కింది కోర్టులో తీర్పు వచ్చింది. దాని మీద అప్పీలు, ఆ అప్పీలు మీద పై కోర్టులో రెండో అప్పీలు. అది ఇంకా విచారణకు రాలేదు. నేను ఢిల్లీకి బయలుదేరిన రోజు కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి అబ్బ కూడా స్టేషన్‌కు వచ్చాడు. రైలు కదిలే ముందు కిటికీ దగ్గరకు వచ్చి ఒక్కటే అడిగాడు: "మన కేసు వినే జడ్జిని వేసే ఆఫీసేనా తల్లీ అది?"

అవునో కాదో నాకు అప్పుడు సరిగ్గా తెలియదు. తల ఊపాను.

మొదటి రోజు గోప్యత హామీ పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు. మా సెక్షన్ ఆఫీసర్ మేడం నిదానంగా చెప్పారు, ఇక్కడ చూసినవి ఇక్కడే వదిలి వెళ్ళాలి, రాత్రి ఇంటికి ఫోను చేసినప్పుడు కూడా అని. నాకు అప్పగించిన పని ఒక పెద్ద పట్టిక. దేశంలో హైకోర్టులు 25. అన్నిటిలో కలిపి మంజూరైన న్యాయమూర్తుల పోస్టులు 1122. మన ఆంధ్రప్రదేశ్‌కు 37. ఒక్కో న్యాయమూర్తికి ఒక వరుస: పుట్టిన తేదీ, గెజిట్ నోటిఫికేషన్ తేదీ, బాధ్యతలు తీసుకున్న తేదీ, పదవీ విరమణ తేదీ. అదనపు న్యాయమూర్తి, అంటే కొంత గడువుకే నియమితులైనవారు అయితే, ఆ గడువు ముగిసే తేదీ కూడా. రాజ్యాంగం 224వ అధికరణ ప్రకారం ఆ గడువు రెండేళ్ళకు మించకూడదు. పాత నోటిఫికేషన్ల ప్రతులు ముందు పెట్టుకుని ఒక్కో తేదీని సరిచూడడమే నా పని. ఆ నోటిఫికేషన్లు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రెండు మూడు వాక్యాలకు మించవు. 217వ అధికరణ కింద రాష్ట్రపతి ఫలానా వారిని నియమిస్తున్నారు, బాధ్యతలు స్వీకరించిన తేదీ నుంచి అమలు. ఒక మనిషి జీవితం మారిపోయే కాగితం, మా షాపులో టైపు చేసే అద్దె ఒప్పందం అంత పొడవు కూడా ఉండదు.

రెండో వారంలో ఒక తప్పు చేశాను. హైకోర్టు న్యాయమూర్తికి 62 ఏళ్ళు నిండేవరకు పదవి ఉంటుంది కాబట్టి, పుట్టినరోజునే విరమణ తేదీగా వేసుకుంటూ పోయాను. మేడం చూసి ఆపించారు. "మీ తెలుగువారినే చూడు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన ఎన్.వి. రమణ గారు పుట్టింది 1957 ఆగస్టు 27న. అక్కడ వయసు 65. ఆయన చివరి పనిదినం 2022 ఆగస్టు 26. పుట్టినరోజు నాటికి వయసు నిండిపోయి ఉంటుంది, ఆ రోజు కుర్చీలో కూర్చోకూడదు" అన్నారు. పట్టిక మొత్తం వెనక్కి వెళ్ళి ఒక్కో తేదీలో ఒక్కో రోజు తగ్గించుకుంటూ వచ్చాను. సాయంత్రం ఏడు దాటింది.

అన్నీ సరిచేశాక ఆ వరుసలను విరమణ తేదీల ప్రకారం అమర్చి చూడమన్నారు. చూశాను. ఇప్పటికీ ఆ పట్టిక నా కళ్ళ ముందే ఉంది. వచ్చే నెల ఎవరి కుర్చీ ఖాళీ అవుతుందో, వచ్చే ఏడాది ఎన్ని, పదేళ్ళ తర్వాత ఎన్ని, అన్నీ తేదీలతో సహా కనిపిస్తున్నాయి. మరణం, రాజీనామా, పై కోర్టుకు వెళ్ళడం, వీటివల్ల వచ్చే ఖాళీలు వేరు. మిగిలిన ప్రతి ఖాళీ ఆ న్యాయమూర్తి ప్రమాణం చేసిన రోజే తెలిసిపోయింది. అయినా దేశంలో హైకోర్టు కుర్చీలు వందల్లో ఖాళీగా ఉంటాయని పేపర్లో చదువుతూనే పెరిగాము. అబ్బ కిటికీ దగ్గర అడిగిన మాట ఆ సాయంత్రం నాకు మళ్ళీ గుర్తొచ్చింది.

ఇంకో సంగతి. నాలుగో వారంలో ప్రింటర్ ట్రేలో నాది కాని కాగితం ఒకటి నా కాగితాలతో కలిసి వచ్చింది.

(ఇక్కడ ఉన్న రెండు వాక్యాలు తర్వాత తీసేశాను. కింద పెద్దాయన గారి జవాబు చూడండి.)

ఇప్పుడు నా ప్రశ్నలు. లోపలి విషయాలు ఉంటే నివేదికకు బరువు వస్తుందని మా గైడ్ సార్ అంటున్నారు. తోటి విద్యార్థులు, బంధువులు, షాపుకు వచ్చే గుమాస్తాలు, అందరూ పేర్లే అడుగుతున్నారు. మనవాళ్ళు ఎవరైనా వస్తున్నారా అని. పేర్లు రాయకూడదని తెలుసు. కానీ పేర్లు, అభిప్రాయాలు తీసేస్తే నా దగ్గర మిగిలేది తేదీల పట్టిక ఒక్కటే. ముప్పై పేజీలు ఎలా వస్తాయి? వకీళ్ళ దగ్గర ఇంటర్న్‌షిప్ చేసిన నా స్నేహితురాళ్ళు దావా రాయడం, అఫిడవిట్ రాయడం నేర్చుకున్నారు. ఆరు వారాల్లో నేను నేర్చుకున్నది ఏమిటో నాకే తేలడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

పాత కచేరీ (కడప)

అమ్మా, నేను కోర్టు ఉద్యోగంలో కాపీయిస్టుగా చేరి, ముప్పై మూడేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా విరమించాను. నీ ప్రశ్న రెండుసార్లు చదివాను.

ముందు ఒక పని చెయ్యి. ప్రింటర్ కాగితం గురించి నువ్వు రాసిన ఆ రెండు వాక్యాలు ఇప్పుడే తీసెయ్యి. పేరు రాయలేదు కదా అనుకున్నావు. కానీ ఏ ప్రాంతం మనిషో రాశావు, ఏ నెలలో చూశావో రాశావు. కోర్టులో భోజన విరామంలో బార్ అసోసియేషన్ గదిలో నలుగురు కూర్చుంటే పావుగంటలో మనిషిని తేల్చేస్తారు. నేను ఆ గదుల పక్కనే బతికినవాడిని, నాకు తెలుసు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ప్రతిపాదన అంటే నియామకం కాదు. హైకోర్టు పంపిన పేర్లన్నీ గెజిట్‌లోకి రావు. పేరు వెళ్ళి, విచారణలు జరిగి, చివరికి రాకపోతే ఆ వకీలు మరుసటి సోమవారం అదే నల్లకోటు వేసుకుని అదే కోర్టులో నిలబడి వాదించాలి. అతని కక్షిదారులు అతన్ని నమ్మాలి. ఎదుటి వకీలు గౌరవించాలి. పేరు బయటపడితే "ఈయనను వద్దన్నారట" అనే మాట జీవితాంతం వెంట నడుస్తుంది. ఎందుకు వద్దన్నారో ఎవరికీ తెలియదు, ఎవరికి తోచింది వారు అల్లుకుంటారు. ఆ మనిషికి జవాబు చెప్పుకునే చోటు ఉండదు.

మా రోజుల్లో రహస్య నివేదికలు కవర్లో పెట్టి లక్క ముద్ర వేసేవాళ్ళం. కొవ్వొత్తి వెలిగించి లక్క కరిగించి, వేడి ఆరకముందే ఇత్తడి ముద్ర అద్దాలి. ఆలస్యమైతే ముద్ర పడదు, మళ్ళీ కరిగించాలి. ఒకసారి బదిలీల జాబితా నా చేతి మీదుగా వెళ్ళింది. నాతో పదేళ్ళుగా ఒకే క్యారియరులో అన్నం తిన్న మిత్రుడు వచ్చి అడిగాడు, తన పేరు ఉందా అని. ఉంది. చెప్పలేదు. ఉత్తర్వు వచ్చాక ఇద్దరు పిల్లల బడి మాన్పించి ఉన్నపళాన వెళ్ళాడు. రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, కానీ ఇంకోసారి అడిగినా చెప్పను.

ఇక మీ అబ్బ అడిగిన మాట. దానికి సరైన జవాబు నీ నివేదికలో ఉండి తీరాలి, ఎందుకంటే ఈ తేడా చదువుకున్నవారికి కూడా తెలియదు. మీ ఊరి పక్క మునసబు కోర్టులో కూర్చునే జూనియర్ సివిల్ జడ్జి నువ్వు చూసిన ఢిల్లీ పట్టికలో ఉండరు. జిల్లా జడ్జిలను 233వ అధికరణ కింద హైకోర్టును సంప్రదించి గవర్నర్ నియమిస్తారు. వకీలు నేరుగా జిల్లా జడ్జి కావాలంటే కనీసం ఏడేళ్ళ ప్రాక్టీసు ఉండాలి. అంతకంటే కింది జడ్జిల సంగతి 234లో ఉంది. ఆ కోర్టులన్నిటి మీద అదుపు 235 ప్రకారం హైకోర్టుది. ఢిల్లీ దాకా వెళ్ళేవి హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ఫైళ్ళు మాత్రమే. మీ అబ్బ కేసు రెండో అప్పీలులో ఉందన్నావు కాబట్టి, ఆ కేసు వినేవారు నీ పట్టికలోని వారే. నువ్వు స్టేషన్‌లో తల ఊపింది తప్పు కాదమ్మా.

నివేదికలో నీ చేతులు చేసిన పని రాయి. ఒక రోజు తేడాతో విరమణ తేదీ తప్పడం, దాన్ని దిద్దుకోవడం రాయి. అది ఎవరి రహస్యమూ కాదు. అంతకుమించి ఏమీ రాయకు.

హంద్రీ గట్టు (కర్నూలు)

నేను కర్నూలులో పదిహేనేళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను. పెద్దాయన గారు ప్రతిపాదన గురించి, పేర్ల గురించి చెప్పిన ప్రతి మాటా ఒప్పుకుంటాను. చివర "అంతకుమించి ఏమీ రాయకు" అన్నారే, అక్కడ మాత్రం నాకు వేరే అభిప్రాయం ఉంది. మనుషుల పేర్లు దాచాలి, సరే. పద్ధతిని కూడా దాచితే ఎలా? ఈ దేశంలో పదేళ్ళుగా జరుగుతున్న పెద్ద వాదనే అది.

చెల్లెమ్మా, నువ్వు సంతకం పెట్టిన కాగితంతో సంబంధం లేకుండా, అందరూ చదవగలిగే వాటితోనే నీ ముప్పై పేజీలు నిండుతాయి. హైకోర్టు నియామకాలకు మెమొరాండం ఆఫ్ ప్రొసీజర్ అని ఒక పత్రం ఉంది. ఎవరైనా చదవవచ్చు. ఖాళీ ఏర్పడటానికి కనీసం ఆరు నెలల ముందే హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, తన తర్వాతి ఇద్దరు సీనియర్లతో కలిసి ప్రతిపాదన మొదలుపెట్టాలని అందులో ఉంది. రాష్ట్ర ప్రభుత్వం అభిప్రాయం చెప్పడానికి ఆరు వారాలు. కేంద్ర న్యాయశాఖ మంత్రి పంపిన ఫైలు మీద భారత ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్ న్యాయమూర్తులు నాలుగు వారాల్లో అభిప్రాయం చెప్పాలి. ఆ తర్వాత మూడు వారాల్లో మంత్రి దాన్ని ప్రధానమంత్రి ముందు పెట్టాలి. అక్కడి నుంచి రాష్ట్రపతి. 2021 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఇంకొన్ని గడువులు చెప్పింది. ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదికకు నాలుగు నుంచి ఆరు వారాలు. ఆ నివేదిక, రాష్ట్రం అభిప్రాయం అందాక కేంద్రం ఫైలు పంపడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. కొలీజియం, అంటే పేర్లు సిఫారసు చేసే ఆ ప్రధాన న్యాయమూర్తి, సీనియర్ల బృందం, ఏకగ్రీవంగా అదే పేరు మళ్ళీ పంపితే మూడు నాలుగు వారాల్లో నియమించాలని. నీ పట్టికలోని తేదీల పక్కన ఈ గడువులు పెట్టి చూడు. నువ్వు ఆ సాయంత్రం చూసింది ఏమిటో నీకే తేటపడుతుంది.

పేర్లు బయటపెట్టకుండా ఆలస్యాన్ని లెక్కగట్టే దారి ఒకటి చెబుతాను. 2017 అక్టోబరు నుంచి సుప్రీంకోర్టు కొలీజియం తీర్మానాలను తన వెబ్‌సైట్‌లో పెడుతోంది. వివరంగా రాసిన తీర్మానాల్లో హైకోర్టు ఏ రోజు సిఫారసు చేసిందో కూడా ఉంటుంది. నియామకం జరిగిన రోజు గెజిట్‌లో ఉంటుంది. ఇప్పటికే నియమితులైన వారినే తీసుకో, అవి బహిరంగమైనవి. ఒకటి, రెండు, మూడు అని సంఖ్యలు వేసుకో. సిఫారసు రోజు, తీర్మానం రోజు, గెజిట్ రోజు. మధ్యలో ఎన్ని రోజులో కూడు. నెలనెలా ఒకటో తేదీన ఖాళీల పట్టికను కేంద్ర న్యాయ విభాగమే ప్రచురిస్తుంది, అదీ కలుపుకో. ఆఫీసు నుంచి నువ్వు ఒక్క కాగితం కూడా తెచ్చుకోనక్కరలేదు. ఆ కాగితాలను ఎలా చదవాలో మాత్రం అక్కడే నేర్చుకున్నావు, దాన్ని ఎవరూ వెనక్కి ఇమ్మని అడగలేరు.

వాదన సంగతి కూడా ఒక అధ్యాయం రాయి. 2014 నాటి 99వ రాజ్యాంగ సవరణతో, కొలీజియం బదులు న్యాయమూర్తులను ఎంపిక చేయడానికి జాతీయ న్యాయ నియామకాల కమిషన్ వచ్చింది. 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు 4:1 తీర్పుతో దాన్ని కొట్టేసింది. విభేదించిన ఆ ఒక్కరు మన తెలుగువారు, జస్టిస్ జాస్తి చలమేశ్వర్. కొలీజియంలో ఏమి జరుగుతుందో ప్రజలకు అందుబాటులో లేదన్నది ఆయన అభ్యంతరాల్లో ఒకటి. 2019 నవంబరు 13న భారత ప్రధాన న్యాయమూర్తి కార్యాలయం సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అయితే ఆ తీర్పే వ్యక్తుల గోప్యతను తూచి చూడాలని కూడా చెప్పింది. పెద్దాయన గారి మాటా, నా మాటా రెండూ ఆ తీర్పులో ఉన్నాయి. రెండు వైపులా చదివి నీ అభిప్రాయం రాయి. వైవాలో అడిగేది అదే.

ఒక్క మాట మా ఊరి గురించి. కర్నూలు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, హైకోర్టు 1954లో గుంటూరులో పెట్టారు. రాజధాని ఒక ప్రాంతానికి, హైకోర్టు మరో ప్రాంతానికి అన్న 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందం గురించి మేము చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాము. 2024 నవంబరులో శాసనసభ కర్నూలులో హైకోర్టు బెంచి కావాలని తీర్మానం చేసింది. బెంచి రావాలని కోరుకునేవారిలో నేనూ ఒకడిని. కొండారెడ్డి బురుజు దగ్గర ధర్నాలో కూర్చున్నాను. కానీ ఆ ధర్నాలో భవనం ఎక్కడ, స్థలం ఎన్ని ఎకరాలు అని మాట్లాడుకున్నామే తప్ప, ఆ బెంచిలో కూర్చునేవారు ఎక్కడి నుంచి ఎన్నాళ్ళకు వస్తారని ఒక్కరమూ అడగలేదు. నీ పట్టిక గురించి చదివాక అది నాకు గట్టిగా తగిలింది.

పాత కచేరీ (కడప)

వకీలు గారూ, ఒప్పుకుంటున్నాను. నియమితులైన వారి తేదీలు తీసుకోవడంలో ఎవరికీ నష్టం లేదు. నేను ఆ కాగితాలు కంప్యూటర్‌లో దొరికే కాలానికి ముందే విరమించినవాడిని, నాకు ఆ దారి తట్టలేదు.

అమ్మా, వాక్యాలు తీసేసినందుకు సంతోషం.

రెండో ఏడాది (కర్నూలు)

అక్కా, నేను కర్నూలులో మూడేళ్ళ లా కోర్సు చదువుతున్నాను. ఇలాంటి ఆఫీసులో చేరడానికి మార్కులు ఎన్ని కావాలి? హిందీ రాకపోతే కష్టమా? జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు ఇది పనికొస్తుందా? మా ఇంట్లో ఢిల్లీ పంపడానికి భయపడుతున్నారు.

టవర్ క్లాక్ వీధి (అనంతపురం)

చెల్లీ, ముందు నీకు. నేను దరఖాస్తుతో పాటు కాలేజీ నుంచి సిఫారసు లేఖ, ఒక పేజీలో ఎందుకు చేరాలనుకుంటున్నానో రాసి పంపాను. ఫైళ్ళన్నీ ఇంగ్లీషులోనే చూశాను, మాటలు మాత్రం హిందీలో. మొదటి వారం కష్టపడ్డాను, తర్వాత అలవాటైంది. పరీక్షకు నేరుగా పనికిరాదు. 2025 మే 20న వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ళు వకీలుగా ప్రాక్టీసు ఉండాలి కదా, ఆ మూడేళ్ళ గురించి ఇప్పటినుంచే ఆలోచించుకో. నేను మహిళా హాస్టల్లో మరో ఇద్దరు తెలుగు అమ్మాయిలతో గది పంచుకున్నాను. మీ అమ్మగారిని నాతో మాట్లాడించు, ధైర్యం చెబుతాను.

పెద్దాయన గారూ, వకీలు అన్నా, మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. వాక్యాలు తీసేసిన రాత్రి నిద్ర పట్టలేదు. ఆరు వారాలు నోరు కట్టుకుని ఉండి, ఇంటికి వచ్చాక ముక్కూ మొహం తెలియని వారి ముందు అంత తేలిగ్గా ఎలా రాశానా అని. అప్పటిదాకా గోప్యత అంటే సర్కారు కాగితానికి సంబంధించినది అనుకున్నాను. నల్లకోటు వేసుకుని సోమవారం మళ్ళీ కోర్టుకు వెళ్ళే మనిషి నాకు అప్పటిదాకా కనిపించలేదు.

అన్న చెప్పినట్టు చేశాను. ఐదు రోజులు పట్టింది. కొలీజియం తీర్మానాలు ఒక్కొక్కటి తెరిచి, గెజిట్ తేదీలతో కలిపి, పేర్ల చోట సంఖ్యలు వేసి పట్టిక తయారుచేశాను. అంకెలు ఇక్కడ పెట్టను, ఇంకోసారి సరిచూసుకోవాలి. ఒక రోజు తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. చేస్తూ చేస్తూ గమనించింది ఒకటి చెబుతాను. ఆలస్యం అంటే ఫైలు ఎక్కడో ఒకే బల్ల మీద పడి ఉంటుందని అనుకునేదాన్ని. అలా లేదు. ఒక వరుసలో హైకోర్టు సిఫారసు నుంచి తీర్మానం దాకా ఎక్కువ రోజులు, ఇంకో వరుసలో తీర్మానం నుంచి గెజిట్ దాకా ఎక్కువ. ఎవరినో ఒక్కరిని తప్పుపట్టి నివేదిక ముగించేద్దామని మొదలుపెట్టాను, ఈ పట్టిక చూశాక ఆ అధ్యాయం చింపేసి మళ్ళీ రాస్తున్నాను. ఇంకోటి కూడా చేర్చాను. 2018 నుంచి హైకోర్టుకు సిఫారసు అయినవారు తమ సామాజిక నేపథ్యం వివరాలు ఒక నమూనాలో ఇవ్వాలి. మా బంధువులు "మనవాళ్ళు ఎవరైనా" అని అడిగినప్పుడు నాకు కోపం వచ్చేది. కానీ ఏ వర్గాల నుంచి, ఎంతమంది ఆడవాళ్ళు ఆ కుర్చీల్లోకి వస్తున్నారని అడగడంలో తప్పులేదని ఇప్పుడు అనిపిస్తోంది. సుప్రీంకోర్టుకు మొదటి మహిళా న్యాయమూర్తి, ఫాతిమా బీవీ గారు, 1989లో గాని రాలేదు. పేరు అడగడం వేరు, ఈ లెక్క అడగడం వేరు. దీని మీద నాలుగు పేజీలు రాశాను.

గైడ్ సార్‌కు విషయం చెప్పాను. లోపలి సంగతులు లేకుండా ఇంత రాశావా అన్నారు. ఖాళీల అధ్యాయం ఆయనకు నచ్చింది. వాదన అధ్యాయంలో నా అభిప్రాయం స్పష్టంగా లేదన్నారు. అది నిజమే, దాని మీద ఇంకా కూర్చోవాలి.

నిన్న సాయంత్రం ఆ పట్టికను మా షాపులోనే ప్రతులు తీయించాను. నాయన నా కాగితం తీసుకుని మిషను అద్దం మీద బోర్లా పెట్టి మూత వేశాడు. అప్పుడు గమనించాను, ఆయన కాగితం వైపు చూడలేదు. నా కాగితమని కూడా చూడలేదు. ఎవరిదైనా అంతేనా అని అడిగాను. "విడాకుల కాగితాలు వస్తాయి, వీలునామాలు వస్తాయి, అన్నదమ్ముల తగాదాలు వస్తాయి. చదవడం మొదలుపెడితే ఈ ఊళ్ళో తల ఎత్తుకుని తిరగలేను. అందుకే చేతికి అందగానే బోర్లా తిప్పేస్తాను" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ షాపులో తిరుగుతున్నాను, ఈ మాట ఎన్నడూ వినలేదు. ప్రింటర్ ట్రేలోని కాగితాన్ని ఆ రోజు నేనూ బోర్లా తిప్పే మేడం చేతికిచ్చాను, కాని చదివాక.

రాత్రి అబ్బ పక్కన కూర్చుని పట్టిక చూపించాను. ఆయనకు అంకెలు చదవడం వచ్చు. వేలుతో వరుసలు తడుముతూ, ఇందులో మన జడ్జి ఎవరని అడిగాడు. ఇంకా ఎవరో తెలియదు అబ్బా, ఎవరు వచ్చినా ఈ గళ్ళన్నీ దాటి రావాలని చెప్పాను. ఒక్కో గడికి ఎన్ని రోజులని అడిగాడు. చెప్పాను. మొదటి గడి, రెండో గడి, తనలో తనే కూడుకుంటూ వెళ్ళాడు. మధ్యలో లెక్క తప్పి మళ్ళీ మొదటి నుంచి కూడాడు.

నివేదిక పదో తేదీన ఇస్తున్నాను. వైవా ఎప్పుడో తెలిశాక ఇక్కడే రాస్తాను.